పిల్లలు తపాలా బంట్రోతులు కారు

నాకు బాగా తెలిసిన ఒక ఇంట్లో, తల్లిదండ్రులు విడిపోయి ఏడాది అయ్యాక, పదేళ్ళ అమ్మాయి వారాంతానికి తండ్రి దగ్గరికి బయలుదేరుతోంది. రెండు జతల బట్టలు, లెక్కల పుస్తకం, కళ్ళజోడు డబ్బా సంచిలో సర్దుకుని గుమ్మం దాటబోతుండగా తల్లి ఆపి, "ఈత క్లాసు ఫీజు ఈ నెల ఆయనే కట్టాలని మీ నాన్నకి చెప్పు" అంది. ఆదివారం సాయంత్రం తిరిగి రాగానే "ఏమన్నాడు?" అని అడిగింది. "చెప్పడం మరిచిపోయాను" అంది అమ్మాయి. నిజానికి మరిచిపోలేదు. చెప్పింది, తండ్రి విసుక్కుని అన్న మాటను మళ్ళీ ఇంటిదాకా మోసుకురావడం ఇష్టంలేక అబద్ధమాడింది. ఈ సంగతి చాలా రోజుల తరువాత, బూటు లేసు ముడి వేసుకుంటూ, నా ముఖం వైపు చూడకుండా నాకు చెప్పింది.

విడాకుల వల్ల పిల్లల జీవితం పాడవుతుందా అన్న చర్చ మన మధ్య తరచుగా వస్తుంది, దానితో పాటే "పిల్లల కోసమైనా కలిసి ఉండాల్సింది" అన్న తీర్పూ వస్తుంది. ఈ విషయాన్ని పరిశోధకులు దశాబ్దాలుగా పరిశీలిస్తున్నారు. జూడిత్ వాలర్‌స్టీన్ 1971లో కాలిఫోర్నియాలో 60 కుటుంబాలకు చెందిన 131 మంది పిల్లలతో మాట్లాడటం మొదలుపెట్టి, వారు పెద్దవారయ్యేదాకా గమనించి, ఆ గాయం చాలాకాలం ఉంటుందని తేల్చారు. దాదాపు 1,400 కుటుంబాలను పరిశీలించిన మేవిస్ హెదరింగ్టన్ మాత్రం, విడాకుల కుటుంబాల పిల్లలలో తీవ్రమైన ఇబ్బందులు పడేవారు 20 నుంచి 25 శాతమనీ, కలిసి ఉన్న కుటుంబాలలో ఆ సంఖ్య 10 శాతమనీ, మిగిలినవారు కాలక్రమంలో నిలదొక్కుకుంటారనీ చెప్పారు. రెట్టింపు ప్రమాదం చిన్నది కాదు, అయినా ఎక్కువమంది ఆ ప్రమాదంలో పడటం లేదన్నదీ నిజమే. నన్ను వీటికంటే ఎక్కువగా ఆలోచింపజేసింది ఆండ్రూ చెర్లిన్ బృందం బ్రిటన్, అమెరికా పిల్లల వివరాలతో 1991లో ప్రచురించిన అధ్యయనం. తల్లిదండ్రులు విడిపోయాక పిల్లలలో, ముఖ్యంగా మగపిల్లలలో, మిగతా పిల్లలతో పోలిస్తే కనిపించిన తేడాలో చాలా భాగం విడిపోకముందే ఉన్నదని అందులో తేలింది. అంటే కోర్టు కాగితం రావడానికి చాలా ముందే, గోడ అవతల వినిపించే గొంతులతోనే, పిల్లవాడు నలగడం మొదలవుతుంది.

కాబట్టి పిల్లల మేలు కోరేవారు అడగవలసింది విడిపోవచ్చా కూడదా అని కాదు, ఆ తగాదాలో పిల్లలను ఎక్కడ నిలబెడుతున్నాం అని. నా అభిప్రాయంలో తల్లిదండ్రులు చేసే పెద్ద తప్పు పిల్లల చేత వార్తలు మోయించడం. డబ్బు సంగతులు, తారీఖుల మార్పులు, "ఆ ఇంటికి ఎవరెవరు వస్తున్నారు" అన్న ఆరా, ఇవన్నీ పెద్దవాళ్ళు పెద్దవాళ్ళతోనే తేల్చుకోవలసినవి. ముఖాముఖి మాట్లాడుకోలేకపోతే ఈమెయిల్ రాసుకోవచ్చు, మధ్యవర్తి సాయం తీసుకోవచ్చు. పిల్లల బాధ్యత విషయమై కోర్టుకెక్కిన కుటుంబాలలో కొన్నిటిని లాటరీ పద్ధతిలో మధ్యవర్తిత్వానికి పంపి, అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ ఎమెరీ 12 ఏళ్ళపాటు గమనించారు. కొద్ది గంటలపాటు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకున్న ఆ కుటుంబాలలో, వేరుగా ఉంటున్న తల్లి లేదా తండ్రి అన్నేళ్ళ తరువాత కూడా, కోర్టులో వాదించుకున్నవారికంటే ఎక్కువగా పిల్లలను కలుస్తూ ఉన్నారు.

విడిపోతున్న సంగతి పిల్లలకు ఇద్దరూ కలిసి కూర్చుని చెప్పడం మంచిది, అదీ ఒకరు ఇల్లు వదిలే రోజున కాకుండా కొన్ని రోజుల ముందు. నాలుగైదేళ్ళ పిల్లలు లోకంలో జరిగేదంతా తమవల్లే జరుగుతుందనుకునే వయసులో ఉంటారు గనుక, "నేను అల్లరి చేశాననే నాన్న వెళ్ళిపోయాడు" అని నిజంగానే నమ్ముతారు. అది వారి తప్పు కాదని ఒకసారి చెబితే చాలదు, వారాల తరబడి చెబుతూనే ఉండాలి. అప్పుడు పిల్లలు అడిగేవి మనకు చిన్నవిగా తోచే ప్రశ్నలు: నేను ఎక్కడ పడుకుంటాను, బడికి ఎవరు తీసుకువెళ్తారు, నా బొమ్మలు ఏ ఇంట్లో ఉంటాయి. ప్రేమ గురించిన ఉపన్యాసం కంటే ఈ ప్రశ్నలకు సూటిగా ఇచ్చే జవాబే వారికి ఆసరా.

"నువ్వు ఎవరి దగ్గర ఉంటావు?" అన్న ప్రశ్న గురించి కొంచెం వివరంగా చెప్పాలి. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక, 9వ అధికరణంలో, పిల్లల మేలుకు విరుద్ధమైతే తప్ప, తల్లిదండ్రులిద్దరినీ క్రమం తప్పకుండా కలిసే హక్కు బిడ్డకు ఉందని చెప్పింది. 12వ అధికరణంలో, తనకు సంబంధించిన విషయాలలో తన అభిప్రాయం చెప్పే హక్కు ఇచ్చింది. చెప్పుకోనివ్వడం వేరు, తేల్చమనడం వేరు. బుధవారాలు ఇల్లు మారడం కష్టంగా ఉందని పిల్లవాడు అంటే వినాలి. అమ్మా నాన్నా అని తక్కెడ చేతికిచ్చి తూచమంటే మాత్రం ఏ వైపు మొగ్గినా రెండో వైపు ద్రోహం చేశాననే అనుకుంటాడు. హింస ఉన్న ఇళ్ళ సంగతి వేరు; అక్కడ పిల్లల భద్రత తరువాతే మరేదైనా.

పరామర్శకు వచ్చే పెద్దలకూ ఒక మాట. "ఇక అమ్మను నువ్వే చూసుకోవాలి నాన్నా" అని ఎనిమిదేళ్ళవాడి భుజం తట్టడం మనకు ఓదార్పులా అనిపిస్తుంది. వాడు దాన్ని అక్షరాలా తీసుకుంటాడు. రాత్రి అమ్మ నిద్రపోయిందో లేదో చూసి వచ్చి పడుకునే పిల్లలు ఉన్నారు. ఆ బరువు ఎత్తవలసింది తల్లి స్నేహితులు, తోబుట్టువులు, అవసరమైతే కౌన్సెలర్.

నేను మొదట చెప్పిన ఇంట్లో ఇప్పుడు ఫీజుల లెక్కలు తల్లిదండ్రులు ఈమెయిల్‌లోనే రాసుకుంటున్నారు, కళ్ళజోడు డబ్బాలు రెండిళ్ళలో రెండు ఉన్నాయి. లెక్కల పుస్తకం మాత్రం ఎప్పుడూ రెండో ఇంట్లోనే ఉండిపోతుంది. దానికోసం ఆదివారం రాత్రి ఎవరో ఒకరు విసుక్కుంటూ కారు తీస్తారు. ఆ విసుగును గురించి ఆ అమ్మాయి ఇప్పుడు నవ్వుతూనే చెబుతుంది.