పెట్రోల్ పైపు అడిగితే కూలర్ పైపు ఇస్తారా?

ఇప్పుడే సికింద్రాబాద్ రాణిగంజ్ నుంచి వచ్చా, బుర్ర ఇంకా చల్లారలేదు. నా పాత ప్రీమియర్ పద్మిని కారుకి ట్యాంకు దగ్గర వేసే రబ్బరు పైపు ఒక మీటరు, ఇ20 పెట్రోల్‌కి, అంటే ఇరవై శాతం ఇథనాల్ కలిపినదానికి, ఆగేది కావాలని అడిగితే కౌంటర్ మీదున్న పెద్దమనిషి తెల్ల పైపు కత్తిరించి ముందర పడేశాడు. అచ్చం కూలర్‌లో నీళ్లెక్కే పైపు! ఇదేంది భాయ్ అంటే "సబ్ చల్తా సాబ్, పురానీ గాడీ హై నా" అంట.

పురానీ గాడీ కాబట్టే నడవదు సాబ్. ఆ ప్లాస్టిక్ పైపు పెట్రోల్ తగిలిన కొన్నాళ్లకే పసుపెక్కి ఎండు బొంగులా బిరుసైపోతుంది. ఇక క్లిప్పు ఎంత బిగించినా పట్టదు, చెమ్మ మొదలు. నల్ల పైపైతే క్షేమమా అంటే అదీ లేదు. మామూలు నైట్రైల్ రబ్బరు ఇథనాల్‌కి ఉబ్బి, మెత్తబడి, లోపలి నుంచి పొరలు ఊడుతుంది. పైకి మాత్రం పెళ్లికొడుకులా నిగనిగ. అనుమానముంటే పాత ముక్కని బ్లేడుతో నిలువునా చీరి లోపల వేలితో రుద్దండి. వేలికి మసి అంటిందా, మొత్తం మార్చాల్సిందే. కొనేటప్పుడు పైపు మీద ఎస్‌ఏఈ జే30 ఆర్9 అని అచ్చు ఉందో లేదో చదవండి, దాని లోపల ఇథనాల్‌కి ఆగే ఫ్లోరో రబ్బరు పొర ఉంటుంది. క్లిప్పు కూడా పట్టీ మీద గాట్లున్నది వద్దు, ఆ గాట్లే రబ్బరుని కోసేస్తాయి. నున్నటి పట్టీది అడగండి. అడిగితే మళ్లీ "సబ్ చల్తా" అంటారు, అది వేరే సంగతి.

అసలు మన బండ్ల మీద పగబట్టారేమో. 2000లో పెట్రోల్‌లో సీసం తీసేశారు, సీసం లేక అరిగిపోయే వాల్వ్ సీట్ల గోల మనది. ఇప్పుడు ఇథనాల్ కలిపారు, పైపుల గోలా మనదే. ఇథనాల్ గాలిలో తేమని లాగుతుంది. నీళ్లు ఎక్కువైతే ఆ రెండూ కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి ట్యాంకు అడుగున కూర్చుంటాయి. పెట్రోల్ లాగే గొట్టం మూతి ఎక్కడుంటుంది? సరిగ్గా అక్కడే! పైగా ముప్పై ఏళ్ల నుంచి గోడలకి పట్టిన జిగురంతా ఇది కరిగిస్తుంది. ఫిల్టర్ తుప్పుతో ఎర్రగా కనిపిస్తే కార్బురేటర్ విప్పించకండి, ట్యాంకు చూడండి. కానీ మన మెకానిక్కులకి కార్బురేటర్ తప్ప ఇంకోటి కనిపిస్తే కదా.

మూత సంగతే చూడండి. పాత బండ్లలో చాలావాటికి ట్యాంకులోకి గాలి వెళ్లే దారి మూతలోని సన్న రంధ్రమే. దొంగల భయమని తాళం మూత తెచ్చి బిగిస్తారు, దానికి రంధ్రం ఉండదు. కొంతదూరం పోగానే లోపల గాలి పలచబడి, పంపు లాగలేక, బండి నడిరోడ్డు మీద ఆగుతుంది. మూత తిప్పితే "సుయ్" మంటుంది. ఆ ఒక్క శబ్దం వినకుండా కార్బురేటర్ కడిగి, పంపు మార్చి, ఆఖరికి ఇంజెక్షన్ బండి ఎలక్ట్రిక్ పంపు తెచ్చి పెట్టినవాళ్లున్నారు. దాని ఒత్తిడి దాదాపు 3 బార్, పాపం మన సోలెక్స్ కార్బురేటర్ సూదికి 0.2, 0.3 బార్ చాలు. పెట్రోల్ పొంగి ఇంజిన్ మీద పడక ఏమవుతుంది?

అన్నింటికంటే ఒళ్లు మండేది సిలికాన్ పేస్టు. ట్యాంకు మీద, పెట్రోల్ ఎంతుందో గేజీకి చెప్పే సెండర్ యూనిట్ కింద కార్క్ గాస్కెట్ ఉండాలి. అది కత్తిరించే ఓపిక లేక ట్యూబు పిండుతారు. పెట్రోల్‌కి ఆ సిలికాన్ ఉబ్బి, దారాలుగా ఊడి, గొట్టం మూతికి అడ్డం పడుతుంది. స్క్రూల కింద కూడా పూశారంటే సెండర్‌కి ఎర్త్ పోయి గేజీ ముల్లు పిచ్చి గంతులు. ముల్లు ఎప్పుడూ సున్నా దగ్గరే పడుంటే సెండర్‌కుండే, పెట్రోల్ మీద తేలే ఫ్లోటు చూడండి. ఇత్తడి ఫ్లోటుని ఆరబెట్టి వేడినీళ్లలో ముంచితే, చిల్లున్న చోట సన్నగా బుడగలు వస్తాయి. లోపలి పెట్రోల్ మొత్తం ఖాళీ అయ్యాకే అక్కడ టంకం.

ఇక ఖాళీ ట్యాంకుకి గ్యాస్ వెల్డింగ్ పెట్టే వీరులకో దండం. ఖాళీ ట్యాంకే బాంబు, ఆవిరి ఉండేది అందులోనే. తుప్పు తీయాలంటే నట్లూ గులకరాళ్లూ వేసి ఊపకండి, లోపలి అడ్డు రేకుల వెనక ఇరుక్కుని బయటికి రావు. సన్న గొలుసు వేసి ఊపండి, కొస చేతిలోనే ఉంటుంది. ఆరుబయట ఎలక్ట్రాలిసిస్ (కరెంటుతో తుప్పు వదిలించడం) చేస్తే ఐదు లీటర్ల నీళ్లకి ఓ పెద్ద చెంచా బట్టల సోడా, ట్యాంకుకి నెగటివ్, లోపల వేలాడే ఇనప కడ్డీకి పాజిటివ్. కడ్డీ గోడకి తగలకూడదు, స్టెయిన్‌లెస్ స్టీలు అసలే వద్దు, విషం పుడుతుంది. హైడ్రోజన్ వస్తుంది, దగ్గర్లో బీడీ కూడా వద్దు. కడిగిన వెంటనే ఆరబెట్టి పెట్రోల్‌తో నింపేయాలి, లేకపోతే మళ్లీ తుప్పు.

ఇంత చేద్దామన్నా మంచి ట్యాంకులేవి? అంబాసిడర్ తయారీ 2014లో ఆగింది, పద్మిని అంతకుముందే పోయింది. మిగిలినవి మన జనం డోర్లూ బంపర్లూ పీక్కుని కిలోల లెక్కన భోలక్‌పూర్ తుక్కుకి పంపేశారు. ఏం చేసుకుంటారయ్యా ఆ డోర్లతో, కేఫ్ గోడకి తగిలిస్తారా? తగిలిస్తున్నారు కూడా!

సర్కారువారి ప్రేమ మరీ ఘనం. 2021 రూల్స్ ప్రకారం 50 ఏళ్లు దాటితేనే వింటేజ్, కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు. 1985 పద్మిని ఇంకా పసిబిడ్డేనట. సరే, వింటేజ్ ముద్ర పడ్డాక? రోజూ నడపకూడదు. ర్యాలీకీ ప్రదర్శనకీ మరమ్మతుకీ, ఇంకా పెట్రోల్ పోయించుకోవడానికీ మాత్రం బయటికి తీయొచ్చట. పోయించుకోవడానికి! ఏ పెట్రోల్ సారూ, ఆ ఇ20యేగా?