వెళితే ద్రోహి, వస్తే ఇంటిబిడ్డ

అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో విలువలు పడిపోతున్నాయన్న ఆందోళన ఏటా మార్చి నెలాఖరులో మొదలవుతుంది. ఏప్రిల్ మధ్యకల్లా తారస్థాయికి చేరుతుంది. నవంబరులో సీజన్ మొదలయ్యేసరికి ఎవరికీ గుర్తుండదు. ఈ ఆందోళనలో నేను క్రమం తప్పకుండా పాల్గొంటున్నాను. సమస్య చిన్నది కాదు. పందొమ్మిది, ఇరవై ఏళ్ల కుర్రాళ్లు ఒక యూనివర్సిటీ జెర్సీ విప్పి సరాసరి ప్రత్యర్థి జెర్సీ తొడుక్కుంటున్నారు, అదీ పట్టపగలు, ఫొటోకు నవ్వుతూ.

నార్త్ కరోలినాలో డ్యూక్ యూనివర్సిటీకీ, చాపెల్ హిల్‌లోని కరోలినా యూనివర్సిటీకీ మధ్య దూరం పది మైళ్లు. ఆ చుట్టుపక్కల కేరీ, మోరిస్‌విల్ ఊళ్ల నిండా మన తెలుగువాళ్లే. కేరీలో వేంకటేశ్వరస్వామి గుడి కూడా ఉంది. కొత్తగా దిగినవాళ్లకు మొదటి ఏడాది బాస్కెట్‌బాల్ పట్టదు. రెండో ఏడాది పిల్లలు స్కూలు నుంచి ఒక రంగు పట్టుకొస్తారు. ముదురు నీలమైతే డ్యూక్, లేత నీలమైతే కరోలినా. ఇక ఇంటిల్లిపాదికీ ఒక శత్రువు దొరికినట్టే. నాది లేత నీలం. మా బావది ముదురు నీలం. అయినా పండగలకు పిలుస్తూనే ఉన్నాం, చెల్లెలి మొహం చూసి.

పాతరోజుల్లో ఎంత పద్ధతి ఉండేదో ఇప్పటి పిల్లలకు తెలియదు. 2018కి ముందు ఆటగాడు కాలేజీ మారాలంటే ఉన్న కాలేజీ అనుమతి కావాలి. ఫలానా కాలేజీకి మాత్రం వెళ్లడానికి వీల్లేదని కోచ్ అడ్డుకోవచ్చు. అన్నీ దాటుకుని వెళ్లినా, కొత్త చోట ఒక ఏడాది ఆడకుండా కూర్చోవాలి. కుర్రాడు చదువులో కుదురుకోవడానికే ఈ ఏర్పాటని పెద్దలు చెప్పేవారు. ఆ కుర్రాడిని తెచ్చుకున్న కోచ్ మాత్రం ఉద్యోగం మారిన మర్నాడే కొత్త ఊళ్లో విలేకరుల ముందు కూర్చునేవాడు. ఆయనకు కుదురుకోవాల్సిన అవసరం లేదు, పెద్దవాడు కదా.

2017లో కామెరాన్ జాన్సన్ అనే కుర్రాడు పిట్స్‌బర్గ్ యూనివర్సిటీలో మూడేళ్లకే డిగ్రీ పూర్తిచేసి, చాపెల్ హిల్ వస్తానన్నాడు. రెండూ ఒకే కాన్ఫరెన్స్ (తమలో తాము ఆడుకునే కాలేజీల కూటమి) కాబట్టి అక్కడికే వెళ్లాలంటే ఏడాది కూర్చోవాల్సిందేనని పిట్స్‌బర్గ్ పట్టుబట్టింది. డిగ్రీ చేతిలో ఉన్నవాడిని ఆపడమేమిటని ఆ కుర్రాడు బహిరంగంగానే అడిగాడు. చివరికి పిట్స్‌బర్గ్ దిగివచ్చింది. ఆ కొద్దిరోజులూ లేత నీలం అభిమానులమంతా విద్యార్థి హక్కుల కోసం గొంతు చించుకున్నాం. ఇరవయ్యొకటో శతాబ్దపు వెట్టిచాకిరీ అన్నాం. జాన్సన్ వచ్చేశాక ఆ హక్కులన్నింటినీ భద్రంగా అటక మీద పెట్టేశాం.

ఆ తర్వాత తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. 2018 అక్టోబరు 15న, కాలేజీ మారాలనుకునేవాళ్ల పేర్లు రాసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చింది. అనుమతి అక్కర్లేదు, పేరు నమోదు చేయించుకుంటే చాలు. 2021 వసంతంలో, మొదటిసారి మారితే ఏడాది కూర్చోనక్కర్లేదన్నారు. అదే ఏడాది జులై నుంచి ఆటగాళ్లు తమ పేరు, బొమ్మ వాడుకుని సంపాదించుకోవచ్చన్నారు. 2023 డిసెంబరులో వెస్ట్ వర్జీనియాలోని ఫెడరల్ కోర్టు రెండోసారి మారినవాళ్లకు కూడా గేటు తీసింది. 2024 ఏప్రిల్‌కల్లా మార్కులు సరిగ్గా ఉంటే ఎన్నిసార్లయినా మారవచ్చని కాలేజీ క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ ఒప్పుకుంది. 2025 జూన్‌లో ఇంకో కోర్టు ఒప్పందం ఖరారైంది. ఒక్కో యూనివర్సిటీ తన క్రీడాకారులందరికీ కలిపి మొదటి ఏడాది, అంటే 2025-26లో, 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా నేరుగా పంచవచ్చన్నారు. ఇంతచేసి ఆ కుర్రాళ్ల కళ్లలో మునుపటి అమాయకత్వం కనిపించడం లేదని మేం బాధపడుతున్నాం.

"డబ్బు కోసం పోతున్నారు, ఛీ" అని మా బావ గట్టిగా అన్నాడు. ఆయన ఇప్పుడు చేస్తున్నది నాలుగో కంపెనీ. అందులో రెండు ఒకదానికొకటి బద్ధ శత్రువులు. హెచ్-1బి ఉన్నవాళ్లకు కొత్త కంపెనీ పిటిషన్ వేయగానే వెళ్లి చేరే వీలుంది. ఏడాదిపాటు ఖాళీగా కూర్చుని కొత్త ఊరి వాతావరణానికి అలవాటు పడమని ఆయనను ఎవరూ అనలేదు. ఈ మాట నేను పైకి అనలేదు. అంటే నా సంగతి ఎత్తుతాడు.

చాలాకాలం గమనించాక నాకు తేలిందేమిటంటే, ద్రోహం అనేది పూర్తిగా దిశకు సంబంధించిన విషయం. మన క్యాంపస్ నుంచి బయటికి వెళ్లే కుర్రాడికి విశ్వాసం లేదు, ఓపిక లేదు, పెంపకం సరిగా లేదు. బయటి నుంచి మన క్యాంపస్‌కు వచ్చే కుర్రాడు ఎన్నాళ్లుగానో మనసులో మన జట్టునే ఆరాధిస్తూ, పరిస్థితులు కలిసిరాక వేరే రంగు తొడుక్కున్నవాడు. ఇద్దరూ నింపేది ఒకే ఫారం.

కొన్ని చిక్కు కేసులు లేకపోలేదు. కేలబ్ లవ్‌నే తీసుకోండి. 2022 ఏప్రిల్ 2న న్యూ ఆర్లీన్స్‌లో, ఫైనల్ ఫోర్‌లో, అంటే జాతీయ టోర్నమెంట్ సెమీఫైనల్లో, చివరి అరనిమిషంలో అతను వేసిన మూడు పాయింట్ల షాట్‌తో కరోలినా 81-77తో డ్యూక్‌ను ఇంటికి పంపింది. కోచ్ కె అని అందరూ పిలిచే డ్యూక్ కోచ్ మైక్ షెషెఫ్‌స్కీ సుదీర్ఘ కెరీర్‌కు అదే ఆఖరి మ్యాచ్. ఆ రాత్రి చాపెల్ హిల్‌లో పుట్టిన మగపిల్లలందరికీ కేలబ్ అని పేరు పెట్టాలన్నంత ఊపు. మరుసటి సీజన్‌కు కరోలినా దేశంలో నంబర్ వన్‌గా మొదలై, టోర్నమెంట్‌లో చోటు కూడా దక్కించుకోలేకపోయింది. అప్పుడు అందరికీ ఒక్కసారిగా గుర్తొచ్చింది, ఈ కుర్రాడు మరీ ఎక్కువ షాట్లు వేస్తాడని. పోర్టల్‌లోకి వెళితే పీడ విరగడైందన్నారు. అతను అరిజోనాలో చేరాడు. 2023 నవంబరులో ఆ జట్టుతో డ్యూక్ సొంత గడ్డకే వచ్చి, 78-73తో గెలిచిపోయాడు.

అప్పుడు చూడాలి లేత నీలం ఇళ్లలో సంబరం. "మనవాడే!" పీడ పీడ కాకుండా పోయింది. 2025 మార్చిలో మళ్లీ డ్యూక్ మీద 35 పాయింట్లు కొట్టాడు. ఈసారి అరిజోనా ఓడిపోయింది. అందుకే ఆ మ్యాచ్ విషయంలో అతను మనవాడా, పరాయివాడా అన్నది ఇంకా తేల్చలేదు.

కోర్మాక్ రయన్ కేసులో మాత్రం నాకు ఏ సందేహమూ లేదు. స్టాన్‌ఫర్డ్‌లో మొదలై, నోటర్ డామ్‌లో ఆడి, చాపెల్ హిల్ చేరాడు. 2024 మార్చిలో డ్యూక్ సొంత గడ్డ మీద 31 పాయింట్లు కొట్టాడు, కరోలినా 84-79తో గెలిచింది.

"మూడో కాలేజీ కదా బావా వాడికి?" అన్నాడు మా బావ.

"వాడు ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు బావా. దారిలో రెండుచోట్ల ఆగాడంతే."

ఒహాయో స్టేట్‌లో అయితే మిషిగన్‌తో మ్యాచ్ ఉన్న వారం క్యాంపస్‌లోని బోర్డుల మీద ఎమ్ అక్షరం కనిపించిన ప్రతిచోటా ఎర్ర టేపుతో కొట్టేస్తారు. ఒక అక్షరం మీద ఇంత కక్ష పెంచుకున్న ఊరి నుంచి 2024లో రాడీ గేల్ అనే ఆటగాడు బ్యాగు సర్దుకుని మిషిగన్‌లోనే చేరాడు. ఆ కక్ష ఫుట్‌బాల్‌ది, ఇతనాడేది బాస్కెట్‌బాల్ అని తర్కించేవాళ్లు ఉన్నారు. అలాంటివాళ్లతో ఒకే సోఫా మీద కూర్చుని మ్యాచ్ చూడటం కష్టం.

ఆటగాళ్ల సంగతి అలా ఉంచితే, విశ్వాసం గురించి కుర్రాళ్లకు పాఠం చెప్పడానికి కోచ్‌లను మించినవాళ్లు లేరు. రాయ్ విలియమ్స్ గారు పదిహేనేళ్లు కాన్సస్ కోచ్. 2003 ఏప్రిల్‌లో జాతీయ ఫైనల్ ఓడిపోయిన రాత్రి, కరోలినా ఉద్యోగం గురించి టీవీ విలేకరి అడిగితే, ఇప్పుడు నాకు కరోలినా గొడవే పట్టదని ఇక్కడ రాయడానికి వీల్లేని మాటతో కలిపి చెప్పారు. సరిగ్గా వారానికి కరోలినా కోచ్ అయ్యారు. కాన్సస్‌లో గుండెలు బాదుకున్నారు. ఆయన మాకు 2005, 2009, 2017లలో మూడు టైటిళ్లు తెచ్చిపెట్టారు కాబట్టి, అది వెళ్లడం కాదు, ఇంటికి తిరిగి రావడం అని మేం తీర్పు ఇచ్చేశాం. ఆయన చదివిందీ ఇక్కడే. కేసు కొట్టివేత.

కానీ ఈ శాస్త్రంలో అసలు పండితులు కెంటకీవాళ్లు. కోచ్ రిక్ పిటీనో 1989లో కెంటకీ యూనివర్సిటీకి వచ్చి, పరువు పోయిన జట్టును నిలబెట్టి, 1996లో టైటిల్ గెలిపించాడు. మరుసటేడు బోస్టన్ సెల్టిక్స్ అనే ప్రొఫెషనల్ జట్టుకు వెళ్లాడు. దాన్ని క్షమించారు, ఎన్‌బీఏ కదా. 2001లో తిరిగొచ్చాడు గానీ కెంటకీకి కాదు, కారులో గంటంపావు దూరంలో ఉన్న ప్రత్యర్థి లూయివిల్ యూనివర్సిటీకి. అంతే, దేవుడి పటం దించేశారు. ఇరవై ఏళ్లకు పైగా ఆ రాష్ట్రంలో ద్రోహి అంటే విడిగా పేరు చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత 2009లో జాన్ కాలిపరి వచ్చాడు, 2012లో టైటిల్ తెచ్చాడు. 2019లో ఆయనకు పదేళ్ల కాంట్రాక్టు ఇచ్చారు, దాన్ని జీవితకాల కాంట్రాక్టు అని పిలిచారు. ఆ జీవితం ఐదేళ్లకు ముగిసింది. 2024 ఏప్రిల్‌లో ఆయన ఆర్కన్సా యూనివర్సిటీకి వెళ్లాడు. వెనకాలే కెంటకీ ఆటగాళ్లు ముగ్గురు అక్కడికే చేరారు. ఆ అక్టోబరులో కెంటకీ సీజన్ ప్రారంభోత్సవానికి ఒక ప్రత్యేక అతిథి వచ్చాడు. రిక్ పిటీనో. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. కొత్త ద్రోహి దొరికాక పాత ద్రోహిని ఉంచుకోవడం దండగని తేలిపోయింది. 2025 ఫిబ్రవరి 1న కాలిపరి ఆర్కన్సా జట్టుతో అదే అరీనాకు వచ్చినప్పుడు గోల గోలగా హేళన చేశారు. ఆయన 89-79తో గెలిచి వెళ్లాడు.

కాలిపరి స్థానంలో వచ్చిన మార్క్ పోప్ కెంటకీకి సొంతబిడ్డ, 1996 విజేత జట్టు కెప్టెన్. ఆ సొంతబిడ్డ కాలేజీ ఆట మొదలుపెట్టింది వాషింగ్టన్ యూనివర్సిటీలో. కెంటకీకి ట్రాన్స్‌ఫర్ అయి వచ్చాడు. ఈ సంగతి ఆ రాష్ట్రంలో అందరికీ తెలుసు, ఎవరూ పట్టించుకోరు. వచ్చింది ఇటువైపు కదా.

యూనివర్సిటీల విశ్వాసం గురించి ఎక్కువ చెప్పను. పసిఫిక్ తీరాన ఉన్న స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ 2024లో అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్‌లో చేరాయి. సంస్థ చేస్తే దూరదృష్టి, కుర్రాడు చేస్తే తిరుగుబోతుతనం.

పరిష్కారం మన దగ్గరే ఉంది. గోడ దూకడంలో మన రెండు రాష్ట్రాల అనుభవం ముందు ఎన్‌సీఏఏ పసిబిడ్డ. 1985లోనే రాజ్యాంగంలో పదో షెడ్యూల్ పెట్టుకున్నాం. పార్టీ మారితే పదవి పోతుంది. మూడింట రెండొంతులమంది కలిసి మారితే మాత్రం అది ఫిరాయింపు కాదు, విలీనం. దీన్ని బాస్కెట్‌బాల్‌కు యథాతథంగా వర్తింపజేయాలని నా ప్రతిపాదన. 2024లో కెంటకీలో స్కాలర్‌షిప్ ఆటగాడంటూ ఒక్కడు మిగలకుండా జట్టు మొత్తం ఖాళీ అయింది కాబట్టి అది ఫిరాయింపు కిందికి రాదు. ఎందులో విలీనమయ్యారన్నది లాయర్లు చూసుకుంటారు.

ఫిర్యాదుల మీద నిర్ణయం తీసుకోవడానికి ఒక స్పీకర్ కావాలి. ఆ బాధ్యత మోయడానికి నేను సిద్ధం. డ్యూక్‌కు వెళ్లినవాడి మీద పిటిషన్ వస్తే అదే రోజు సాయంత్రంలోగా అనర్హత వేటు వేస్తాను. చాపెల్ హిల్‌కు వచ్చినవాడి మీద వస్తే తొందరపడను. నోటీసు ఇవ్వాలి, వివరణ తీసుకోవాలి, న్యాయసలహా కోరాలి, మధ్యలో పండగలొస్తాయి. 2025 జులైలో సుప్రీంకోర్టు తెలంగాణ స్పీకర్‌కు మూడు నెలల గడువు పెట్టింది. ఇక్కడ అలాంటి ఇబ్బంది రాకుండా నిబంధనల్లోనే జాగ్రత్త పడతాను. అసెంబ్లీకీ ఐదేళ్లే గడువు, కాలేజీలో ఆడటానికి ఆటగాడికుండే అర్హతకీ ఐదేళ్లే గడువు. ఆరో ఏడు కచ్చితంగా తీర్పు ఇస్తాను.