మహారాజశ్రీ 'నాట్ రెస్పాండింగ్' గారికి

మహారాజశ్రీ 'నాట్ రెస్పాండింగ్' గారి దివ్య సముఖమునకు,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే ఇద్దరిలో ఒక్కరమూ కుశలంగా లేము. ఈ మధ్యాహ్నమంతా తమరు మూర్ఛపోతూ ఉంటే పక్కన కూర్చుని విసిరినది నేనే కాబట్టి ఆ సంగతి నాకు బాగానే తెలుసు.

కంప్యూటర్లో సాయంత్రానికి పంపాల్సిన రిపోర్టు. ఒక టేబుల్ వెడల్పు ఎక్కువై పట్టకపోతే ఆ పేజీని అడ్డంగా తిప్పుదామని 'ల్యాండ్‌స్కేప్' నొక్కాను. అంతే. నీలం చక్రం తిరిగింది, స్క్రీను పాలిపోయింది, పైన ఫైలు పేరు పక్కన బ్రాకెట్లలో తమరి శుభనామం వెలిసింది. వెనకే చిన్న పెట్టె: ప్రోగ్రామును మూసేస్తారా, పలికేదాకా ఆగుతారా?

మర్యాద తెలిసినవాళ్లం కదా, ఆగాం.

ఎంతసేపు ఆగాలి? దేనికోసం ఆగాలి? అది మాత్రం చెప్పరు. 'వెయిట్' నొక్కితే పెట్టె పోతుంది. కాసేపటికి మళ్లీ అదే పెట్టె, అదే ప్రశ్న. ఆ బటన్ వెనక అసలేమైనా ఉందా అని అనుమానం వచ్చి కాస్త చదివాను. ప్రోగ్రాము 5 సెకన్లపాటు తనకొచ్చిన సందేశాలు అందుకోకపోతే, విండోస్ సిస్టమ్ దాని విండోను దాచేసి, ఆఖరి రూపం అతికించిన నకిలీ విండోను ముందు నిలబెడుతుందట. ఇంజనీర్లు దానికి 'ఘోస్ట్ విండో' అనే పేరు పెట్టారు. అంటే ఇంతసేపూ నేను బతిమాలింది తమరిని కూడా కాదు, తమరి దయ్యాన్ని! దాన్ని జరపొచ్చు, కిందికి దించొచ్చు, మూసేయొచ్చు. లోపల ఎక్కడ నొక్కినా ఉలుకూ పలుకూ ఉండదు.

మిగతా సత్కారాలూ గుర్తున్నాయి. ప్రోగ్రామును అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్లీ ఎక్కిస్తే, పాత సెట్టింగులన్నీ ప్రోగ్రాములు తమ సొంత సమాచారం దాచుకునే యాప్‌డేటా ఫోల్డర్‌లో పదిలంగా ఉండి ఎదురొచ్చాయి. తగిలించుకున్న అదనపు ముక్కలు, అదే యాడ్‌ఇన్‌లు, తీసేసి సేఫ్ మోడ్‌లో తెరిస్తే తమరు ఇంకాస్త ప్రశాంతంగా పోయారు. 'రికవర్డ్' అని ఇచ్చిన ఫైలు పొద్దుటిది. ఎర్రర్ రిపోర్టు పంపమంటే పంపాను, అది ఎవరు చదువుతారో ఆ దేవుడికే ఎరుక.

కంప్యూటర్ తన తప్పులన్నీ నంబర్లు వేసి రాసుకునే చిట్టా, ఈవెంట్ వ్యూయర్ కూడా తెరిచాను. 1002 అంటే బిగుసుకుపోయింది, 1000 అంటే కూలిపోయింది. రెండూ బారులు తీరి ఉన్నాయి. కూలిన చోట కోడు 0ఎక్స్‌సీ0000005: ముట్టుకోకూడని మెమరీని ముట్టుకున్నారన్న మాట. దోషి గడిలో ఎన్‌టీడీఎల్ఎల్ పేరు. పాపం, అది ప్రతి ప్రోగ్రాములోనూ ఉండే విండోస్ ఫైలు. మెమరీని ఇంకెవరో పాడుచేసి పోతారు, కేసు దాని మీద రాస్తారు.

చివరికి ఏం తేలిందో తెలుసా నాయనా? ప్రింటర్! డిఫాల్ట్‌గా పెట్టి ఉన్న నెట్‌వర్క్ ప్రింటర్, అదీ స్విచ్ ఆపేసి ఉన్నది. నేను ప్రింటు అడిగానా? లేదే! కాగితం కొలతలేమిటి, అంచులెంత వదలాలి అని నువ్వే పోయి దాన్ని అడిగావు. అది పలకలేదు. నువ్వు నోరు మూసుకుని అక్కడే నిలబడిపోయావు. పైగా దానితో మాట్లాడించే డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రామును నీ ప్రాసెస్‌లోకే, అంటే నువ్వు నడిచే చోటికే తెచ్చుకుని కూర్చోబెట్టుకున్నావు, అది తప్పటడుగు వేసినప్పుడల్లా దాంతోపాటు నువ్వూ పడ్డావు. డిఫాల్ట్‌ను, కాగితం లేకుండా ఫైలుగా దాచే పీడీఎఫ్ ప్రింటర్‌కు మార్చాను. పేజీ టక్కున అడ్డం తిరిగింది.

ఎవరి కోసం ఆగావో నీకు తెలుసు. మొదటి నిమిషం నుంచీ తెలుసు. 'ప్రింటర్ పలకడం లేదు' అని మూడు ముక్కలు ఆ పెట్టెలో రాసి చావడానికి నీకు నోరు రాలేదు. మూసేస్తావా, ఆగుతావా అని నన్ను అడగడానికి మాత్రం వచ్చింది!

ఇట్లు,
ప్రోగ్రామును బలవంతంగా ఆపేసే 'ఎండ్ టాస్క్' మీద వేలు పెట్టుకుని కూర్చున్న
నీ యూజర్