సవరణ: కాచో ఎ పెపె శాకాహారం కాదు

రోమ్‌లోని చిన్న త్రత్తోరియాల్లో, అంటే సాదాసీదా భోజనశాలల్లో, ఏం తినాలో చెప్పిన పోస్టులో, కాచో ఎ పెపె అంటే క్రీమ్, మిరియాలు వేసిన పాస్తా అనీ, శాకాహారులు నిశ్చింతగా తినొచ్చనీ రాశాం. రెండూ తప్పే. రెండోది మరీ పెద్ద తప్పు, మన్నించండి.

అందులో మిరియాలతో పాటు పడేది పెకొరీనో రొమానో. గొర్రెపాలతో చేసే ఈ చీజ్ కోసం పాలను పేరబెట్టేది గొర్రెపిల్ల పొట్టలోంచి తీసిన రెన్నెట్‌తో. పార్మిజానో అనే ఆవుపాల చీజ్‌కైతే దూడది. పైగా టొన్నరెల్లి అనే తాజా పాస్తాతో చేస్తే పిండిలోనే గుడ్డు ఉంటుంది. ఇవి తిననివాళ్లు స్పగెట్టి ఆలియో ఎ ఓలియో అడగండి: వెల్లుల్లి, ఆలివ్ నూనె, ఎండుమిర్చి. ఆర్డరిచ్చేటప్పుడే "సెంజా ఫొర్మాజ్జో", అంటే చీజ్ లేకుండా అని చెప్పండి.

ఇక క్రీమ్ సంగతి. అసలు పద్ధతిలో అది లేనే లేదు. 400 గ్రాముల పాస్తాకు సుమారు 200 గ్రాముల పెకొరీనో సన్నగా తురిమి, పాస్తా ఉడికిన నీళ్లు కాస్త చల్లారాక కొద్దికొద్దిగా పోస్తూ మెత్తటి ముద్దలా కలుపుతారు. ఆ నీళ్లలోని గంజే క్రీమ్‌లాంటి నునుపు ఇస్తుంది. పాస్తా పొయ్యి మీంచి దించాకే ముద్ద కలపాలి. సలసల మరిగే నీళ్లు పోస్తే చీజ్ విరిగి, సాగే ఉండలై గరిటెకు చుట్టుకుంటుంది. ప్లేటులో అలాంటి ఉండలు కనిపిస్తే వేడి ఎక్కువైందన్నమాట.

ఇంకో మాట: బిల్లులో "పానే" అని ఉండేది టిప్ కాదు, రొట్టె ధర. రోమ్ ఉన్న లాజియో ప్రాంతంలో కొపెర్తో, అంటే టేబుల్ దగ్గర కూర్చున్నందుకు మనిషికింత అని వేసే రుసుము, వసూలును 2006 చట్టం నిషేధించింది; రొట్టెకు మాత్రం తీసుకోవచ్చు. వద్దనుకుంటే బుట్ట ముట్టకముందే వెనక్కిచ్చేయండి.