చూడని యుద్ధాన్ని రాసిన హెమింగ్వే

ఎర్నెస్ట్ హెమింగ్వే పేరు వినగానే పాఠకుడికి ముందుగా గుర్తొచ్చేది ఆయన జీవితమే. యుద్ధరంగాలు, ఆఫ్రికాలో వేట, స్పెయిన్‌లో ఎద్దుల పోరు, నాలుగు పెళ్లిళ్లు, 1954లో నోబెల్ బహుమతి, 1961 జులైలో ఆత్మహత్య. ఇంతటి జీవితం గడిపిన మనిషి యుద్ధం గురించి రాస్తే అదంతా కళ్లారా చూసిందేనని నమ్మడం సహజం. ‘అనుభవంలోంచి పుట్టిన రచన’ అనడం మన సాహిత్య విమర్శలోనూ పెద్ద మెప్పే. అయితే ఆయన యుద్ధ నవలల్లో అత్యుత్తమమని నేను భావించే ‘ఎ ఫేర్‌వెల్ టు ఆర్మ్స్’ విషయంలో ఈ నమ్మకం నిలవదని అమెరికన్ పండితుడు మైకేల్ రేనాల్డ్స్ 1976లో ప్రచురించిన ‘హెమింగ్వేస్ ఫస్ట్ వార్’లో నిరూపించాడు.

తేదీలు చూస్తేనే విషయం చాలావరకు తేలిపోతుంది. మొదటి ప్రపంచయుద్ధంలో ఇటలీ సైన్యపు అంబులెన్సు విభాగంలో పనిచేసే అమెరికన్ లెఫ్టినెంట్ ఫ్రెడరిక్ హెన్రీ కథ 1915లో మొదలై, 1918 వసంతంలో స్విట్జర్లాండ్‌లో ముగుస్తుంది. హెమింగ్వే రెడ్‌క్రాస్ అంబులెన్సు డ్రైవరుగా ఇటలీ చేరింది 1918 జూన్‌లో. అప్పటికే నవలలోని కథ పూర్తయిపోయింది. నవలకు ఆయువుపట్టయిన, కపొరెట్టో వద్ద ఇటలీ పరాజయం 1917 అక్టోబరు 24న మొదలైంది. ఆస్ట్రియా, జర్మనీ సేనల ధాటికి ఇటలీ సైన్యం పియావే నది దాకా వెనక్కి తగ్గింది, రెండున్నర లక్షల మందికి పైగా సైనికులు బందీలయ్యారు. ఆ రోజుల్లో పద్దెనిమిదేళ్ల హెమింగ్వే అమెరికాలో ‘కాన్సాస్ సిటీ స్టార్’ పత్రికలో కొత్తగా చేరిన విలేకరి.

ఆయనకు యుద్ధానుభవం లేదని కాదు. 1918 జులై 8న పియావే నది ఒడ్డునున్న ఫొసాల్టా అనే ఊరి వద్ద సైనికులకు చాక్లెట్లు, సిగరెట్లు పంచడానికి వెళ్లినప్పుడు మోర్టార్ గుండు పేలి కాళ్ల నిండా ఇనుప ముక్కలు దిగాయి. మిలాన్ ఆసుపత్రిలో ఆగ్నెస్ వాన్ కురోవ్‌స్కీ అనే నర్సును ప్రేమించాడు, మరుసటి ఏడాది ఆమె ఉత్తరం రాసి ఆ బంధాన్ని తెంచుకుంది. ఫొసాల్టాలో తగిలిన ఆ గాయమే హెమింగ్వే సాహిత్యానికంతటికీ మూలమని 1952లో విమర్శకుడు ఫిలిప్ యంగ్ వాదించాడు. ఆ వాదనను పూర్తిగా కొట్టిపారేయలేం. ఫ్రెడరిక్ నేలమాళిగలాంటి గుంతలో కూర్చుని చల్లారిన మాకరోనీ, జున్ను తింటుండగా గుండు పడుతుంది, తాను తన శరీరంలోంచి బయటికి వెళ్లిపోతున్నట్టు అతనికి తోస్తుంది. ఆ ఘట్టం గాయపడ్డ మనిషి మాత్రమే రాయగలిగింది. కానీ లక్షల మంది సైన్యం కుప్పకూలిపోవడాన్ని ఒక మనిషి కాళ్లకు తగిలిన గాయంతో ఎలా వివరిస్తాం?

రేనాల్డ్స్ జవాబు స్పష్టం. నవల రాతప్రతిని యుద్ధ చరిత్రలతో, పటాలతో, నాటి పత్రికలతో పక్కపక్కన పెట్టి చదివి, హెమింగ్వే ఈ నవల కోసం ఎంత శ్రద్ధగా చదివాడో, చదివినదాన్ని ఎలా మలిచాడో చూపించాడు. దీనికి మరో దారినుంచి వచ్చిన అనుభవం తోడైంది. 1922లో ‘టొరంటో డైలీ స్టార్’ విలేకరిగా ఆయన ఇప్పటి టర్కీలోని తూర్పు థ్రేస్‌ను ఖాళీ చేసి ఆడ్రియనోపుల్ మీదుగా వానలో సాగిపోతున్న గ్రీకు శరణార్థుల బారును చూశాడు. ఆ బండ్లు, పశువులు, బురద ఆయన పుస్తకం ‘ఇన్ అవర్ టైమ్’లో ఒక చిన్న దృశ్యంగా వచ్చాయి, అందులో ఒక స్త్రీ ప్రసవిస్తుంటే ఒక పిల్ల దుప్పటి అడ్డం పట్టుకుని ఏడుస్తుంటుంది. కపొరెట్టో తిరోగమనంలోనూ అదే వాన, అవే బండ్లు కనిపిస్తాయి. పరుపుల మధ్యనుంచి అద్దాలు పైకి పొడుచుకొచ్చి ఉంటాయి, బండికి కోళ్లు, బాతులు కట్టి ఉంటాయి, ముందు బండిమీద ఒక కుట్టుమిషను వానలో తడుస్తుంటుంది. ఓటమి ఎలా ఉంటుందో చెప్పడానికి నాకు ఆ కుట్టుమిషను చాలు.

సొంత జీవితం నవలలోకి వచ్చిన చోట్ల కూడా అది యుద్ధం నాటిది కానక్కర్లేదు. 1928 మార్చిలో పారిస్‌లో నవల మొదలుపెట్టాడు. జూన్‌లో కాన్సాస్ సిటీలో భార్య పౌలీన్‌కు కష్టమైన కాన్పులో సిజేరియన్ చేసి కొడుకు పాట్రిక్‌ను బయటికి తీశారు. నవల చివర ఫ్రెడరిక్ ప్రియురాలు కేథరిన్ సిజేరియన్ తర్వాత రక్తస్రావంతో చనిపోతుంది. ఆ ముగింపును ముప్పై తొమ్మిది సార్లు తిరగరాశానని ఆయన తర్వాత ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు. అంతగా తిరగరాయడం జ్ఞాపకాన్ని యథాతథంగా దించే మనిషి లక్షణం కాదు. దీనికి భిన్నంగా, ఫొసాల్టాలో గాయపడ్డ కర్నల్‌ను నాయకుడిగా చేసి, తన యుద్ధానికి చాలా దగ్గరగా ఉండి 1950లో వెలువరించిన ‘అక్రాస్ ది రివర్ అండ్ ఇన్‌టు ది ట్రీస్’ విమర్శకుల చేత చీవాట్లు తిన్నది. నా దృష్టిలోనూ అది ఆయన బలహీనమైన నవలే.

ఇటలీలో ముస్సోలినీ ప్రభుత్వం ‘ఎ ఫేర్‌వెల్ టు ఆర్మ్స్’ను నిషేధించింది. తిరోగమనంలో టాగ్లియామెంటో నది వంతెన దగ్గర సొంత సైనిక పోలీసులే తమ సైన్యాధికారులను పక్కకు లాగి, రెండు ప్రశ్నలడిగి కాల్చేసే ఘట్టం సైన్యం పరువు తీస్తుందని పాలకులకు తోచింది. ఫెర్నాండా పివానో దాన్ని ఇటాలియన్‌లోకి అనువదించే పని చేపట్టినందుకు 1943లో అరెస్టయింది. అంత పెద్ద ప్రభుత్వాన్ని కలవరపెట్టిన ఆ తిరోగమనం, రచయిత గ్రంథాలు చదివి, థ్రేస్ వానను గుర్తుచేసుకుని కట్టిన భాగమే.