వేలిముద్ర యంత్రం గారికి ఒక నల్ల బొటనవేలి విన్నపం

మహారాజశ్రీ వేలిముద్ర యంత్రం గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. మూడో అంతస్తులో, లిఫ్టు పక్క గోడ మీద, పచ్చదీపం వెలిగించుకుని తమరు కులాసాగా ఉన్నారని తలుస్తాను. నేనూ క్షేమమే అని రాద్దును గానీ, అసలు నేను నేనేనా కాదా అన్న సంగతి తమరి పరిశీలనలో ఉంది. అది తేలాక క్షేమం మాట రాస్తాను.

ఈ ఉద్యోగంలో చేరి నలభై రోజులైంది. పద్దులు చూసే పని. ఈ నలభై రోజుల్లో టీ తెచ్చే అబ్బాయికి నాకు చక్కెర ఎంత వేయాలో తెలిసిపోయింది. కింద కాపలా ఉండే తాతగారు నా గొడుగును చూసి నన్ను గుర్తుపడతారు. మీ ఒక్కరికే నేను ఎవరో తెలియదు. నా ముందున్న వాళ్లందరికీ "థాంక్యూ" చెబుతారు. నా వంతు రాగానే దీపం ఎర్రబడుతుంది, దయచేసి మళ్ళీ ప్రయత్నించమని ఇంగ్లీషులో సెలవిస్తారు. ఆ గొంతులో కోపం ఉండదు, విసుగూ ఉండదు. అదే నాకు మరీ కష్టం. తిట్టే మనిషినైతే బతిమాలుకోవచ్చు.

మొన్న బుధవారం సంగతే చూడండి. బస్సు తొమ్మిది ఇరవైకి దించింది. తొమ్మిది ఇరవై నాలుగుకు మీ ఎదుట నిలబడ్డాను. తొమ్మిదిన్నరకు రావాలి, పది నిమిషాలు వెసులుబాటు. మీరు నన్ను ఒప్పుకునేసరికి తొమ్మిది నలభై రెండు. అలా మూడుసార్లయితే సగం రోజు సెలవు కోత. ఆ పద్దెనిమిది నిమిషాలూ నేను మీ కళ్లెదుటే ఉన్నాను కదా, ఆలస్యం ఎవరిది స్వామీ? మీకేమి, ఏనాడూ వేళ తప్పరు. గోడకు మరలు బిగించిన వాళ్లెవరూ తప్పరు.

అయితే నిజం ఒప్పుకోవాలి. తప్పులో కొంత నా వేలికీ ఉంది.

నేను రాత్రిపూట కలంకారీ వేస్తాను. శ్రీకాళహస్తి పద్ధతి, అచ్చులు లేకుండా కలంతో గీసేది. వెదురుపుల్ల కొన చెక్కి, దాని పైన ఉన్ని చుట్టి, దారంతో బిగిస్తే అదే కలం. ఉన్నిని రంగులో ముంచి, గీస్తున్నంతసేపూ వేళ్లతో నొక్కుతూ ఉండాలి. నొక్కితేనే రంగు కొనకు దిగుతుంది. నొక్కే వేళ్లలో పెద్ద ఎవరో మీకు వేరే చెప్పాలా? మీరు రోజూ అడిగే ఆ బొటనవేలే.

రంగు కూడా అంగడిలో సీసాతో కొనేది కాదు. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కుండలో వేసి మూత కట్టి మూడు వారాల దాకా పులియబెట్టాలి. దాన్ని కసిమి అంటారు. బట్టనేమో ముందే కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో నానబెట్టి, పిండి, ఎండలో ఆరేస్తాం. కరక్కాయ వగరుకు ఇనుము తగిలితే నలుపు పుడుతుంది. పాలలోని కొవ్వు ఆ గీత చెదిరిపోకుండా కాస్తుంది. గీసేటప్పుడు పలచగా ఉన్న గీత ఆరుతున్నకొద్దీ నల్లబడుతుంటే చూడాలి! ఆ కాసేపూ జీఎస్టీ గుర్తురాదు. కానీ ఆ వగరూ ఆ ఇనుమూ బట్ట మీదనే కలవాలని నియమం ఏమీ లేదు. నా బొటనవేలి మీద కూడా అంతే శ్రద్ధగా కలుస్తాయి.

ఇవన్నీ నదీతీరంలో చేసే పనులు. ఉతుకు కోసం పారే నీళ్లు కావాలి. కాళహస్తిలో దానికి స్వర్ణముఖి ఉంది. మా అపార్ట్‌మెంటులో ఉదయం ఒక గంట వచ్చే నీళ్లున్నాయి. కసిమి కుండ బాల్కనీలో మొక్కల వెనుక దాక్కుంటుంది గానీ దాని వాసన దాక్కోదు. ఎదురింటి పిన్నిగారు ఎలుక చచ్చిందని రెండు రోజులు తన ఇల్లంతా వెతుక్కున్నారు. నేనూ వెళ్లి ఆవిడతో పాటు వెతికాను. ఏం చేయను, ఇరుగుపొరుగు అన్నాక తప్పుతుందా?

పాల కథ ఇంకా ఘోరం. ఒక శనివారం రాత్రి కరక్కాయ పాలు సిద్ధం చేసి, నిద్ర ముంచుకొస్తుంటే గిన్నె ఫ్రిజ్‌లో పెట్టి పడుకున్నాను. తెల్లవారి మా అత్తయ్యగారు ఆ పాలతోనే కాఫీ కలిపారు. మామయ్యగారు ఒక గుక్క తాగి, ఆవిడ వైపు ఒకసారి చూసి, ముప్పై ఎనిమిదేళ్ల కాపురం గుర్తు తెచ్చుకుని, మాట్లాడకుండా గ్లాసు ఖాళీ చేశారు. తల్లి లేనివారికి కరక్కాయే తల్లి అని పెద్దలు ఎందుకన్నారో ఆ సాయంత్రానికి ఆయనకు బాగా బోధపడింది. "అమ్మాయ్, నీ పాలకు వేరే గిన్నె పెట్టుకోమ్మా," అని మాత్రం అన్నారు. అంత పెద్దమనసు మీకు ఉంటే నాకు సగం రోజు కోత పడేది కాదు.

మా పద్దుల పనికి ప్రతి నెలా 20వ తేదీ గండం. జీఎస్టీ లెక్కలు ఆ రోజుకు సమర్పించాలి. ఈ నెల కసిమి కూడా సరిగ్గా ఆ రోజుకే పక్వానికి వచ్చింది. దాని గడువు ఎవరు పొడిగిస్తారు? ఆఫీసు నుంచి రాత్రి తొమ్మిదికి వచ్చి, పదింటికి కలం పట్టి, ఒంటిగంటకు బట్ట మీదనే నిద్రపోయాను. పొద్దున చెంప మీద అశోకవనంలోని చెట్టుకొమ్మ ఒకటి అచ్చుపడి ఉంది. ముఖం చూసి గుర్తించే మీ తమ్ముళ్లు కూడా ఉన్నారట. వాళ్లు మా ఆఫీసుకు ఇంకా రానందుకు ఆ రోజు దేవుడికి దండం పెట్టుకున్నాను.

ఆ నలుపు పోవాలంటే నిమ్మకాయ. చెక్కతో రుద్ది, కొబ్బరిపీచుతో తోముతాను. మచ్చ పోతుంది, దాంతో పాటు వేలి గీతలూ పోతాయి. మిమ్మల్ని బాగుచేయడానికి వచ్చిన కుర్రవాడు నా వేలు చూసి, "గీతలు అరిగిపోయాయి మేడం, తాపీపని చేస్తారా?" అని అడిగాడు. అంటే మీకు శుభ్రంగా కనిపించాలని తోమినందుకే మీకు కనబడకుండా పోయాను. 2008లో పద్మశ్రీ అందుకున్న కలంకారీ కళాకారులు జొన్నలగడ్డ గురప్పశెట్టి గారి బొటనవేలు మీ ముందు పెడితే, ఆయననూ మళ్ళీ ప్రయత్నించమనేవారేమో!

మీ వంశచరిత్ర కూడా కొంచెం చదివాను. 1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే దొర, రోడ్డు సామగ్రి ఒప్పందం మీద రాజ్యధర్ కోనాయ్ అనే గుత్తేదారు అరచేతికి సిరా పూసి ముద్ర వేయించుకున్నాడు. అప్పట్లో చేతికి నలుపు పూస్తేనే మనిషికి ఆనవాలు. ఇప్పుడు ఆ నలుపే అడ్డం. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం వచ్చింది. ముద్రలను వర్గీకరించే లెక్కల్లో అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ చాలా శ్రమపడ్డారు. ఆ పద్ధతికి మాత్రం పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీ పేరు నిలిచింది. ఆఫీసుల సంప్రదాయం మీ పుట్టుకలోనే ఉందన్నమాట. నేను తయారుచేసిన మొదటి నివేదిక పోయిన వారం ఎవరి పేరుతో పైకి వెళ్లిందో ఇక్కడ రాయను, ఆయన మీ ముందు నుంచే రోజూ వెళుతుంటారు.

మా అమ్మమ్మ వేలిముద్రే వేసేది. సంతకం రాదని సిగ్గుపడి, నన్ను చదివించమని అమ్మ వెంటపడింది. నేను ఎం.కాం. చదివాను. చదివి, ఇదుగో, రోజుకు రెండుసార్లు వేలిముద్ర వేస్తున్నాను. అమ్మమ్మది ఎప్పుడు వేసినా పడేది.

ఇప్పుడు వేస్తున్న బట్ట మీద హనుమంతుడు సీతమ్మకు ఉంగరం ఇస్తున్న ఘట్టం ఉంది. ఆవిడ కూడా ముందు అనుమానించింది. లంకలో ఉన్నది కాబట్టి అనుమానించే హక్కు ఆవిడకు ఉంది. ఉంగరం చూశాక మాత్రం నమ్మింది, ఇంకో వేలు చూపించమనలేదు. మా సిబ్బంది విభాగం వారు చూపించమన్నారు. నా ఎడమచేతి చిటికెనవేలు కొత్తగా నమోదు చేశారు. అప్పటి నుంచి దాన్ని పసిపిల్లలా చూసుకుంటున్నాను. కలం పట్టే ముందు దానికి ప్లాస్టిక్ తొడుగు వేసి రబ్బరుబ్యాండు కడుతున్నాను. మా అత్తయ్యగారు అది దెబ్బ అనుకుని పసుపు తెచ్చారు. పసుపు మరకకు మీరు ఏమంటారో తెలియక వద్దన్నాను.

నిన్న ఆదివారం రాత్రి హనుమంతుడి తోక పూర్తయింది. పేరు ఎక్కడ రాయాలా అని చూస్తూ, ఊరికే, కుడి బొటనవేలు కసిమిలో ముంచి బట్ట మూలన నొక్కాను. ముందు ఏమీ కనబడలేదు. చెయ్యి కడుక్కుని వచ్చి చూస్తే, అరిగిన చోట అరిగినట్టే, నల్లగా పడి ఉంది. మొదటిసారికే.

తొమ్మిది ఇరవై నాలుగుకు చిటికెనవేలితో వస్తాను.

ఇట్లు,
తమరు ఇంకా పోల్చుకోని,
పద్దుల విభాగం కొత్త ఉద్యోగిని