శాలువాతో సరిపెట్టొద్దు

దంపుడు పాటలు తెలిసిన పెద్దావిడను కుర్చీలో కూర్చోబెట్టి, ఫోన్ ముందు పెట్టి పాడమనండి. రెండు చరణాలు పాడి ఆగిపోతుంది. ‘గుర్తు రావట్లేదమ్మా’ అంటుంది. చేతికి రోకలి ఇచ్చి చూడండి, నాలుగు పోట్లు పడేసరికి మిగతా పాట దానంతటదే వస్తుంది. ఆ పాట ఆమె తలలో కన్నా చేతుల్లో ఎక్కువగా ఉంది మరి. మిల్లులొచ్చాయి, రోకళ్లు అటకెక్కాయి, పాటలూ వాటి వెంటే పోతున్నాయి.

అలాంటి పాటను యూనివర్సిటీ క్లాసు దాకా తెచ్చిన కొద్దిమందిలో ఆచార్య నాయని కృష్ణకుమారి ఒకరు. 1930 మార్చి 14న గుంటూరులో పుట్టారు. తండ్రి భావకవి నాయని సుబ్బారావు. విద్యార్థినిగా ఉండగానే, పద్దెనిమిదేళ్ల వయసులో ‘ఆంధ్రుల కథ’ రాశారు. కవిత్వం రాశారు, కాశ్మీర యాత్ర మీద పుస్తకం రాశారు. ఉస్మానియాలో పాఠం చెప్పారు. 1990ల చివర్లో తెలుగు విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేశారు. 2016 జనవరిలో కన్నుమూశారు.

పదవుల మాట అలా ఉంచి, ఆమె పరిశోధన సంగతి చెప్పుకోవాలి. జానపద గేయాల మీద బిరుదురాజు రామరాజు గారు అంతకుముందే దారి వేశారు. కృష్ణకుమారి ఆ దారిలో గేయగాథలను, అంటే కథ చెప్పే పాటలను పట్టుకున్నారు. బొబ్బిలి కోట కూలిన కథ, కామమ్మ సహగమనం కథ ఇలాంటివే. ‘తెలుగు జానపద గేయగాథలు’ ఆమె సిద్ధాంత గ్రంథం. ప్రబంధాలకే పెద్దపీట వేసే తెలుగు శాఖల్లో, ఊళ్లో ఆడవాళ్లూ జంగాలూ పాడుకునేవి కూడా సాహిత్యమేనని చెప్పి నిలబడటం ఆ రోజుల్లో చిన్న పనేమీ కాదు.

2030లో ఆమె శతజయంతి. మన ప్రభుత్వాల పద్ధతి తెలిసిందే: రవీంద్రభారతిలోనో తుమ్మలపల్లి కళాక్షేత్రంలోనో ఒక సభ, నలుగురికి శాలువాలు, భోజనాలు. చేసుకోనివ్వండి, మాకు అభ్యంతరం లేదు. మేం అడిగేది వేరే. జానపద పరిశోధకులు ఊరూరా తిరిగి రికార్డు చేసుకున్న క్యాసెట్లు, రాసుకున్న నోటు పుస్తకాలు ఎక్కడెక్కడ ఉన్నాయో ముందు లెక్క తీయాలి. క్యాసెట్ టేపుకు బూజు పడితే అందులోని గొంతు మళ్లీ దొరకదు. వాటిని డిజిటల్ చేసి ఎవరైనా వినేలా ఉచితంగా పెట్టాలి. ఆమె గ్రంథం ఇవాళ్టి విద్యార్థికి అందే ధరలో రావాలి. రెండు రాష్ట్రాలూ కలిసి చేస్తే మరీ మంచిది, పాటకు సరిహద్దు గొడవ లేదు కదా.

ఈలోగా పాఠకులు చేయగలిగినదీ ఒకటుంది. ఇంట్లో పెద్దవాళ్ల పాట రికార్డు చేసేటప్పుడు ఊరి పేరు, తేదీతో పాటు ఆ పాట ఏ పని చేస్తూ పాడేవారో కూడా అడిగి రాసిపెట్టండి. వీలైతే ఆ రోకలిని అటక మీంచి దించండి.